చివరింటి నుంచి తిరిగొచ్చే మాట

స్టూడియోలో మైకు ముందుండే నల్ల స్పాంజికి ఒక వాసన ఉంటుంది. నాకన్నా ముందు అక్కడ నిలబడి సబ్బులూ చీరలూ అపార్ట్‌మెంట్లూ అమ్మిపోయిన గొంతుల ఊపిరీ, కాఫీ, ఎవరో నమిలిన లవంగం, అన్నీ కలిసి ముగ్గిన వాసన అది. మొన్న హైదరాబాదులో ఆ స్పాంజి ముందు నిలబడి తుఫాను హెచ్చరిక చదువుతుంటే, అద్దం అవతలి నుంచి డైరెక్టరు కుర్రాడు "మేడమ్, కొంచెం స్మైల్ ఇవ్వండి" అన్నాడు. తుఫానుకు నవ్వేంది నాయనా, అని నోటిదాకా వచ్చింది. సముద్రం ఒడ్డు ఊళ్లలో ప్రతి ఫోనుకూ వెళ్లే మాట అది. మా ఊరికి కూడా వెళుతుంది.

మా పాళెం నెల్లూరు జిల్లాలో, సముద్రానికీ ఉప్పుకాలవకీ మధ్య ఇసుకలో ఉంటుంది. అక్కడి మైకుకు తుప్పు వాసన, ఉప్పు వాసన, మా పోలయ్య చిన్నాయన పొగాకు వాసన ఉండేవి. నీళ్ల ట్యాంకరు వచ్చినా, గంగమ్మకు పొంగళ్లు పెట్టే రోజు ఖాయమైనా, కార్తీకంలో వాయుగుండం పట్టినా తుఫాను షెల్టరులో కూర్చుని మైకులో చెప్పేది ఆయనే. చిన్నాయనకు తన గొంతంటే తగని మురిపెం. మైకును ఊది, తట్టి, దగ్గి, హలో హలో అని ఊరిని ఊరించి గానీ అసలు సంగతికి వచ్చేవాడు కాడు. పిల్లలం కొబ్బరి చిప్పలు మూతి దగ్గర పెట్టుకుని, ఆయనలాగే దగ్గుతూ మైకాట ఆడేవాళ్లం.

అయితే మా పాళెంలో ఒక కట్టుబాటు ఉండేది. చెప్పిన మాట చివరింటి నుంచి తిరిగొచ్చేదాకా మైకు కట్టేయకూడదు. చివరిల్లు కాలవ సముద్రంలో కలిసే మొగ దగ్గర, మా రవణమ్మ పెద్దమ్మది. తాను విన్నదాన్ని ఆమె పక్కింటికి అరిచి చెబితే, ఆ మాట నెత్తళ్ల చేపలు ఎండేసిన ఇసుకదిబ్బ మీదుగా, వలలు బాగుచేసే అరుగుల మీదుగా ఒక్కో నోరూ దాటుకుంటూ షెల్టరు మెట్ల దగ్గరికి వచ్చేది. తూరుపు గాలి లేచిన రోజున మాటకు బదులు తీర్పు వచ్చేది. "ఏంది పోలయ్యా, నోట్లో ముద్ద పెట్టుకోని చెప్తుండావా? మింగి చెప్పు!" అరుగుల మీద ఆడవాళ్లంతా పకపకా నవ్వేవాళ్లు. చిన్నాయన మూతి ముడుచుకుని మళ్లీ చెప్పేవాడు. ఆ సాయంత్రం పెద్దమ్మ పంపిన నెత్తళ్ల పులుసు నాకొద్దంటే వద్దని భీష్మించుకుని, మామిడికాయ పులుపు ముక్కుకు తగలగానే అలక మరిచి గిన్నె నాకేవాడు.

ఒక కార్తీకంలో ఆయన గొంతు పూర్తిగా పట్టేసింది. సరిగ్గా అప్పుడే సముద్రం రేగుతుందని కబురొచ్చింది. బడిలో పాఠం బాగా చదువుతుందని నన్ను పిలిచారు. నేను మొహానికి పౌడరు రాసుకుని మరీ వెళ్లి, ఒత్తులు ఎక్కడా తప్పకుండా, రాగం తీస్తూ, ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున చదివినంత ముద్దుగా కాగితం చదివాను. మెచ్చుకోలు వస్తుందని కాచుకుని కూర్చుంటే, చివరింటి నుంచి వచ్చింది తీర్పు.

"ఎవురా పిల్ల, పద్యం అప్పజెప్తుండాది? పడవ లాగాల్నా వద్దా, అది చెప్పమను!"

కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎంత కోపం వచ్చిందో! కాగితం అవతల పారేసి, ఏడుపూ కసీ కలిపి అరిచాను: "పడవలు పైకి లాగండి! వలలు ఇళ్లల్లో పెట్టుకోండి! ఎవురూ సముద్రానికి పోబాకండి!" ఈసారి నా మాట, నా మాటగానే, అన్ని నోళ్లూ దాటుకుని మెట్ల దగ్గరికి తిరిగొచ్చింది. ఒడ్డున మగవాళ్లు పడవలు లాగుతూ పాడే హైలెస్సా కూడా వినిపించింది. పెద్దమ్మ మాత్రం ఆ తర్వాత ఎన్నాళ్లో నన్ను "పద్యాల పాపా" అనే పిలిచేది, నాకు ఒళ్లు మండేది.

అందుకే స్టూడియోలో ఆ కుర్రాడితో అన్నాను, "బాబూ, పడవలు లాగమనే మాట ముందు పెడదాం. మావాళ్లు నమస్కారాలు అయ్యేదాకా ఆగరు" అని. "స్క్రిప్టు అప్రూవ్ అయిపోయింది మేడమ్" అన్నాడు. మళ్లీ చదివాను. యాస తొంగిచూస్తోందన్నాడు. యాస తీసేసి చదివాను. అంత గట్టిగా వద్దు, జనం భయపడతారన్నాడు. భయపడాలనే కదయ్యా హెచ్చరిక! "పక్కింటి అక్క మాట్లాడినట్టు వార్మ్‌గా, మేడమ్." మా పక్కింటి అక్కలు ఎలా మాట్లాడతారో వీడికేం తెలుసు? చెప్పి చెప్పి నా నోరు నొచ్చింది. చివరికి పళ్లు బయటపెట్టి, వాడు అడిగినట్టే తియ్యగా చదివి వచ్చేశాను.

ఆ వారంలోనే వాయుగుండం పట్టింది. మనసాగక పెద్దమ్మకు ఫోన్ చేశాను. ఆమె కొడుకు శీనన్న ఇంకా సముద్రం మీద వేటకు పోతుంటాడు.

"ఏం చేస్తుండావు పెద్దమ్మా? శీనన్న యాడ?"

"యాడుంటాడు, ఒడ్డుకాడ. ఇంజినుకు ఆయిలు పోస్తుండాడు, వేటకు పోయేదానికి."

"ఫోనుకు తుఫాను కబురు రాలేదా?"

"వచ్చిందిలే. ఎవురో పాప బలే తియ్యంగా నమస్కారం పెట్టింది. ఏదో అమ్మేదానికి వచ్చిందనుకోని కట్ చేసినా."

ఆ పాప నేనేనని చెప్పడానికి నోరు రాలేదు. "అన్నని పోనియ్యబాక పెద్దమ్మా! పడవ పైకి లాగమను!" అని అరిచాను. పక్క ఫ్లాటు వాళ్లు తలుపు తీసి చూశారు. "ఎందుకట్ల అరస్తావు, నాకేమన్నా చెవుడా?" అంటూనే పెద్దమ్మ ఫోను పక్కన పెట్టేసి, ఆ వయసులోనూ అదే గొంతుతో ఒడ్డుకేసి కేక పెట్టింది. నేను ఫోను చెవికి అదుముకుని, అప్పటిలాగే, మాట తిరిగొచ్చేదాకా కాచుకున్నాను. ఏదో ఇంట్లో సీరియల్ మోగుతోంది. అరుగుల మీద ఎవరూ ఉన్నట్టు లేరు, ఆ కేక అందుకున్న నోరు ఒక్కటీ లేదు. పెద్దమ్మ మళ్లీ అరిచింది. ఎంతసేపటికో, గాలిలో, సన్నగా మా అన్న గొంతు వినపడింది: "పోన్లేమా, పోను!"

చిన్నాయన ఇప్పుడు లేడు. షెల్టరు మీది మైకు గొట్టాన్ని ఉప్పుగాలి తినేసిందట. కబుర్లన్నీ ఫోన్లకే వస్తున్నాయి, వినపడిందా అని అడిగేవాళ్లు లేరు, వినపళ్లేదని తిట్టేవాళ్లూ లేరు.

మర్నాడు డైరెక్టరు కుర్రాడు మెసేజ్ పెట్టాడు. "క్లయింట్ ఫుల్ హ్యాపీ మేడమ్. స్మైల్ బాగా వినపడుతోందన్నారు."