పాట మొదలవకముందే విరిచిన పెదవి

లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై ఏళ్లు నా పని ఒకటే. చక్రాన్ని సుత్తితో కొట్టి, మోత విని, పగులుందో లేదో చెప్పడం. చదువు ఏడో తరగతి. సంగీతమూ ఎవరి దగ్గరా కూర్చుని నేర్చుకున్నది కాదు. పాత హార్మోనియం ఒకటి కొని, విప్పి, బిగించి, రేడియో ముందు కూర్చుని పట్టుకున్నది. అయినా మా చర్చి క్వయర్‌లో తప్పు స్వరం నా చెవి దాటి పోయేది కాదు. గొప్పకి చెప్పడం లేదు. ఆ చెవిని టీవీవాళ్లు పిలిచి ఏం చేశారో చెప్పడానికి చెబుతున్నాను.

ఉమ్మడి రాష్ట్రం రోజులవి. ఏ ఇంట్లో చూసినా టీవీలో పాటల పోటీలే. సికింద్రాబాద్‌లో ఒక చిన్న చానెల్, పనీపాటా చేసుకుంటూ పాడుకునేవాళ్లకని పోటీ పెట్టింది. ముగ్గురు జడ్జీల్లో నేనొకణ్ణి. పొద్దున్నే రమ్మన్నారు. వెళ్లేసరికి స్టేజీ మీద నరపురుగు లేదు. కుర్చీలో కూర్చోబెట్టి, మొహానికి పౌడరు కొట్టి, దీపాలు వేశారు.

"సార్, ఒకసారి నవ్వండి," అన్నాడు ప్రోగ్రాం నడిపే ఆయన. నవ్వాను. "ఇప్పుడు ఆశ్చర్యం." పడ్డాను. "ఇప్పుడు పెదవి విరిచి తల అడ్డంగా తిప్పండి."

"ఎవరిని చూసి?"

"ఎవర్నీ కాదు సార్, ఊరికే."

"పాట ఏదయ్యా?"

"పాటలు మధ్యాహ్నం సార్. ముందు మీ మొహాలు తీసుకుంటే పని తేలిక."

ఆ క్షణంలోనే లేచి వచ్చేయాల్సింది. లేవలేదు. పెదవి విరిచాను. బాగా వచ్చిందని మెచ్చుకున్నాడు కూడా. పైగా ఒక హుకుం: "తప్పులు ఎంచకండి, పండగ వాతావరణం పాడవుతుంది."

మధ్యాహ్నం, కార్ఖానా బస్తీలో దుకాణం పెట్టుకుని బట్టలు కుట్టే ఒకావిడ వచ్చింది. పాడేముందు మైకులోనే చెప్పింది: "జీవితంల ఒక్కసారి పాడి చూద్దామని వచ్చిన సార్. పెద్దోళ్లు బాగుందంటే సంగీతం నేర్చుకుంట, లేకుంటే మిషిను తొక్కుకుంట." కళ్లు మూసుకుని మొదలుపెట్టింది. ఆ గొంతుకి శృతి ఎవరూ చెప్పనక్కర్లేదు. పాట అయ్యాక, "అమ్మా, పాట వదలకు," అన్నాను. అంతే అన్నాను. రెండో చరణంలో ఒకచోట జారింది. హుకుం గుర్తొచ్చి ఆ సంగతి మింగేశాను.

మూడు వారాలకి టీవీలో వేశారు. ఆవిడ కళ్లు మూసుకుని పాడుతోంది. మధ్యలో నా మొహం. పెదవి విరిచి, తల అడ్డంగా తిప్పుతూ! నేనన్న మాట లేనే లేదు. కత్తిరించి పారేశారు. చానెల్‌కి ఫోన్ చేస్తే, "సరదాకి సార్, జనం ఎంజాయ్ చేస్తారు," అన్నారు. అవతలి మనిషి జీవితం వీళ్లకి సరదా!

మర్నాడే బస్సెక్కి కార్ఖానా వెళ్లి ఆవిడ దుకాణం వెతికి పట్టుకున్నాను. ఆవిడ మిషను మీద, భర్త ఇస్త్రీ బల్ల దగ్గర.

"రండి సార్, కూసోండి," అంది గానీ తొక్కడం ఆపలేదు.

"అమ్మా, రాత్రి టీవీల నేను పెదవి విరిచింది నీ పాటకి కాదు. పొద్దుగాల, ఎవ్వరూ పాడకముందే తీసుకున్నరు."

"ఎవ్వరూ పాడకముందే పెదవెందుకు విరుస్తరు సార్?"

ఆ రోజు పొద్దున నేనూ అదే అడిగి, ఆ పైన విరిచిన మనిషిని కదా.

"పోనీయండి సార్, పరేషాన్ కాకుండ్రి," అన్నాడు భర్త. "నేను పాడితే మావోళ్లు చెప్పులే ఇసురుతరు. మీరు జెర తలనే తిప్పిన్రు."

ఆవిడ నవ్వలేదు. "పాడేటప్పుడు కండ్లు మూసుకుంట సార్. మూసుకున్నప్పుడు మీ అసలు సంగతి చూపిచ్చిన్రు. తెరిచినంక మర్యాదకు మంచిగన్నరు. ఒక్క తప్పన్న చెప్పిన్రా? చెప్తే నమ్ముదును."

వర్క్‌షాపులో బాగున్న చక్రాన్ని ఎవరూ పొగడరు. పగులు ఎక్కడుందో చెబితేనే మన మాట మీద బండి కదులుతుంది. అంత తెలిసినవాణ్ణి, ఎవడో దీపాలు వేసి వద్దన్నాడని నోరు మూసుకున్నాను.

"రెండో చరణం," అన్నాను. "పైకి పోయే ముందర దమ్ము తీసుకోలే. ఆఖరి మాట కిందికి జారింది. మిగతాదంత సక్కగుంది."

మిషను ఆగింది.

"అది నాకు సుత తెలుసు సార్," అంది మెల్లగా. "ఎవ్వరూ పట్టుకోలేదనుకున్న."

"మళ్లీ పాడు. దమ్ము తీసుకొని పాడు."

భర్త ఇస్త్రీ పెట్టె నిలబెట్టాడు. ఆవిడ మెడలోని టేపు తీసి పక్కన పెట్టి, ఊపిరి తీసుకుని, ఆ చరణం అందుకుంది. జారలేదు. కానీ ఈసారి కళ్లు మూసుకోలేదు. పాట అయ్యేదాకా నా తలకేసే చూస్తూ పాడింది.