కురవి నుంచి మానుకోట దాంక నూకుడు

మానుకోట నుంచి కురవికి బండి మీద పోయినోళ్లను మీరు మస్తుమందిని చూసి ఉంటరు. కురవి నుంచి మానుకోటకు బండినే పట్టుకొని నడిపిచ్చుకుంట వచ్చిన మనిషిని చూసిండ్రా? నేనే గా మనిషిని. వట్టిగ వస్తే నాకింత పేరు రాకపోవు. ఒక హెడ్మాష్టరును, ఆయన భార్యను, మా మేనమామను గూడ ఎంబడేసుకొని, రోడ్డు పొంటి జనం చప్పట్లు కొడుతుంటే వచ్చిన. గా హెడ్మాష్టరు ఇప్పటికీ పెండ్లిళ్లల్ల నేను ఎదురుపడితే మొఖం అటు తిప్పుకుంటడు. ఎందుకో చెప్త. జర నిమ్మళంగ కూసోండ్రి, నవ్వుడు మాత్రం ఆఖరుకు పెట్టుకోండ్రి.

మాది మానుకోట బజార్ల కిరాణ దుకాణం. పప్పులు, నూనెలు, బెల్లం. మా ఇంట్ల గల్లా మీద కూసునుడంటే గద్దెనెక్కినట్టే. బాపు కూసుంటడు, బాపు లేకుంటే అన్న కూసుంటడు, అన్న గూడ లేకుంటే దుకాణం బందు పెడుతరు గని ఆడపిల్లను కూసోనియ్యరు. నేను డిగ్రీ పాసై లోపటి అర్రల మిరపకాయలు తూకం వేసుకుంట ఉండేదాన్ని. అన్న గల్లా మీద కూసొని నిద్రపోతుండె. నాకు కడుపు మండేది.

గట్ల ఉండంగ బాపును హైదరాబాదుల ఎవడో పట్టుకున్నడు. "సేటూ, పెట్రోలు దినాలు ఒడిసినయి. ఇగ అంత బ్యాటరీ బండ్లే" అని చెవుల ఊదిండు. బాపు బెల్లానికని పోయి బ్యాటరీ స్కూటర్లు తెచ్చిండు. అవి దిగిన వారానికే తెలంగాణ కావాలని సకల జనుల సమ్మె షురువైంది. బస్సులు బందు, బడులు బందు, ఆఫీసులు బందు. బొగ్గుబాయిలు బందైనయి గనుక కరెంటు గూడ ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో ఎవ్వలకెరుక లేదు. కరెంటు లేని దినాలల్ల కరెంటు బండి ఎవడు కొంటడు, మీరే చెప్పుండ్రి. మా బండ్లు బియ్యం బస్తాల నడుమ నిలబడ్డయి. అమ్మ ఒకదాని సీటు మీద ఎల్లిపాయలు ఎండబెట్టింది.

ఒకనాడు బాపు ఆ బండ్లను చూసి నిట్టూర్పు ఇడుస్తుంటే నేను మెల్లగ దగ్గరికి పోయిన.

"బాపూ, నేనొక్క బండి అమ్మితే నన్ను గల్లా మీద కూసోనిస్తవా?"

"గల్లా మీదేంది, నా నెత్తి మీద కూసో."

"మాట తప్పవు గదా?"

"దుకాణపోని మాట బిడ్డా. తూకం తప్పది."

గా మాట బాపు నవ్వులాటకే అన్నడు. నేను మాత్రం ఆ రాత్రి సంది నిద్ర పోలే.

తెల్లారి లలితమ్మ చింతపండుకు వచ్చింది. ఆమె మా బడి హెడ్మాష్టరు నర్సింగం సారు భార్య. "ఏం చెప్పాలె శోభా, సమ్మె షురువైనకాడి నుంచి సారు ఇంట్లనే ఉన్నడు. నా పప్పుకు మార్కులేస్తున్నడు. షుగరున్నది, డాక్టరు పొద్దుమాపు నడువుమన్నడు. గేటు దాంక సుత నడువడు. పిల్లల్లేకపోయేవరకు నన్నే దిద్దుతున్నడు" అని కండ్లనీళ్లు వెట్టుకున్నది.

గప్పుడు నా బుర్రల తళుక్కుమన్నది. అట్టముక్క మీద పెద్ద పెద్ద అక్షరాలతోని రాసి దుకాణం ముంగట కట్టిన: 'బ్యాటరీ బండ్ల మీద చారిత్రక నగర దర్శనం. పెట్రోలు వద్దు, బస్సు వద్దు. చరిత్ర చెప్పుటకు గైడు గలదు.' గైడు అంటే నేనే, ఇంకెవ్వలు?

సారు గా అట్ట చదువుటానికే ఎండల పడి వచ్చిండు. "నగరమా? ఏ నగరం?"

"కురవి సారూ."

"కురవి నగరమెప్పుడైందే?"

"ఒకప్పుడు రాజులేలిన రాజధాని గదా సారూ."

సారు అట్టను మళ్లొకపారి చదివిండు. అది నిజమే. తప్పు దొరుకక ఆయన మొఖం చిన్నబోయింది. "సరే, వస్త. నువ్వు చెప్పే చరిత్రల ఎన్ని తప్పులున్నయో చూడాలె గదా" అన్నడు. లలితమ్మ నా దిక్కు చూసి రెండు చేతులెత్తి మొక్కింది. "బండి మంచిగుంటే ఒకటి కొంటం బిడ్డా" అన్నది. ఆ మాటకు నాకు గల్లపెట్టె తాళంచెవి కండ్ల ముందర ఆడింది.

నాలుగో మనిషి మా సుధాకర్ మామ. భూపాలపల్లి బొగ్గుబాయి ఆఫీసుల గుమాస్తా. సమ్మెల ఉండి మా ఇంట్ల దిగిండు. పొద్దంత అరుగు మీద కూసొని పల్లీలు తినుకుంట ఉద్యమం నడిపిస్తుండె.

"మామా, మీరు బొగ్గు తియ్యకుంటే నా బండ్లకు చార్జింగ్ ఎట్ల?"

"తెలంగాణ వచ్చినంక మస్తు చార్జింగ్ పెట్టుకో కోడలా. అప్పటిదాంక ఓపిక పట్టు."

ఇగ అసలు కత ఇక్కడనే ఉన్నది, చెవులు ఇటు వెట్టుండ్రి. ఆ బండికి ముంగట మూడు పచ్చలైట్లు ఉంటయి. మూడు వెలిగితే నిండుగున్నట్టు. రాత్రి కరెంటు వచ్చుకుంట పోవుకుంట ఉండె. తెల్లారి చూస్తే అన్ని బండ్లకు మూడేసి లైట్లు ధగధగ వెలుగుతున్నయి. నాకు సంబురమైంది. గని నిలబడ్డ బండి ఎప్పుడైనా మూడు లైట్లే చూపిస్తదట. నడిచేటప్పుడే నిజం చెప్తదట. బాపు తెచ్చిన కాయితంల గది రాసే ఉన్నదట. గా కాయితంల అమ్మ బెల్లం పొట్లం కట్టింది.

సోకుకు నేను బండ్లన్నిటికీ తంగేడు పూలు గూడ కట్టిన. బతుకమ్మ దినాలు గదా, తోవల కావల్సినన్ని పూసి ఉన్నయి.

పొయ్యేటప్పుడు ఏం పోయినం అనుకున్నరు! చప్పుడు లేదు, పొగ లేదు. కోళ్లకు మేం వచ్చేది వినపడక రోడ్డు నడుమనే గింజలు ఏరుకుంట ఉన్నయి. లలితమ్మ జన్మల బండి తోలలే. ముందటి దినం మా పెరట్ల నేర్చుకున్నది. పది గజాలు పోయినంక ధైర్యమొచ్చి పాట ఎత్తుకున్నది. నేను ముంగట తోలుకుంట చరిత్ర చెప్తున్న.

"గీ తోవలనే రాజుల ఏనుగులు నడిచినయి!"

ఎనుకనుంచి సారు: "ఎవడు చెప్పిండు? అప్పటి తోవ అటు దిక్కు ఉండె."

"గీ గుడి కాకతీయులు కట్టిండ్రు!"

"అంతకన్న పాతది. సున్న మార్కులు."

సారు మొఖం ఎలిగిపోతున్నది. ఆయనకు సమ్మె మొదలైనకాడి నుంచి గంత సంతోషం లేదు. కురవిల వీరభద్రుని దర్శనం చేసుకున్నం, తెచ్చుకున్న పులిహోర తిన్నం. మామ ఒక్కడే సగం గిన్నె ఖాళీ చేసిండు. సారు నా దగ్గరికొచ్చి, "చరిత్రల ఫెయిలైనవు గని బండి మంచిగున్నది" అన్నడు. నాకు గాలిల తేలినట్టైంది.

గప్పుడు బండి దిక్కు చూసిన. మూడు లైట్లల్ల ఒక్కటి కొన ఊపిరితోని మినుకుమంటున్నది.

కొబ్బరికాయల దుకాణం ఆయన దగ్గరికి ఉరికిన. "అన్నా, జర చార్జింగ్ పెట్టుకుంట."

"కరెంటా? పొద్దుగాలనే పోయింది చెల్లె. మానుకోటల ఉన్నదా?"

ఎవ్వలకూ చెప్పలే. "పాండ్రి పాండ్రి, ఎండయితది" అని అందరిని తోలుకొని బయలెల్లిన. మొక్కని దేవుడు లేడు. సగం తోవ గూడ రాకముందే సారు బండి మూలిగింది, ఆగింది. ఆయెనుక లలితమ్మది, దాని తర్వాత మామది. నాది ఆఖరుకు ఆగింది, అదొక్కటే నాకు దక్కిన గౌరవం.

"ఏమైందే?" అన్నడు సారు.

"బండ్లు వేడెక్కినయి సారూ. కొంచెం నూకితే చల్లబడ్తయి."

"ఎంత దూరం?"

"గంతే సారూ, కొంచెం."

నూకుతున్నం. ఎండ నెత్తి మీద కూసున్నది. బ్యాటరీ బండి ఎంత బరువుంటదో మీకు తెల్వది. మా బెల్లం బస్తాలు దానికంటె నయం. మామ అయితే "కోడలా, నేను గుమాస్తానే, మూటలు మోసేటోన్ని గాదు" అని ఏడుపు మొఖం పెట్టిండు. సారు మాట్లాడుడు బందు జేసిండు. హెడ్మాష్టరు మాట్లాడకుంట ఉంటే భయమైతది, మీరు గూడ బడికి పోయిన్రు గదా.

మూలమలుపు తిరిగినం. రోడ్డు మీద సమ్మెవోళ్ల వంటావార్పు! పొయ్యిలు పెట్టి, గంజులు ఎక్కిచ్చి, జనం జనం. డప్పులు కొడుతున్నరు. పూలు కట్టిన బండ్లను వరుసగ నూకుకుంట వస్తున్న మమ్మల్ని చూసి డప్పులు ఆగిపోయినయి.

ఒకన్న ముందటికొచ్చిండు. "ఏమైందక్కా? బండ్లు ఖరాబైనయా?"

సారు నోరు తెరిచిండు. ఆయన నోట్లకెళ్లి 'చార్జింగ్ ఒడిసింది' అన్న మాట వస్తే మా బండ్ల సంగతి మండలమంత తెలుస్తది. ఇగ ఒక్క బండి అమ్ముడుపోదు. నా గల్లా గంగల కలుస్తది. నాకు ఏం తోస్తలేదు. గట్టిగ ఒర్లిన:

"నిరసన అన్నా! నూకుడు నిరసన! జై తెలంగాణ!"

ఆ దినాలు మీకు యాది ఉన్నయి గదా. రోజుకో తీరు నిరసన. రోడ్ల మీద బట్టలుతికిండ్రు, గడ్డాలు గీసిండ్రు, బర్రెకు వినతిపత్రం ఇచ్చిండ్రు. కొత్త తీరు దొరుకక ఊరూరా పరేషాన్ అవుతున్న కాలం. నా మాట వినంగనే ఆ అన్న కండ్లు మెరిసినయి.

"నూకుడు నిరసన! అరేయ్, మనకెందుకు తోచలేదురా!" అని తన మోటారు సైకిలు తెచ్చి మా ఎనుక నూకుడు షురూ జేసిండు. ఆయన్ను చూసి ఇంకొకడు, వాన్ని చూసి ఇంకొకడు. డప్పులు ముంగటికొచ్చినయి.

ఎనుకనుంచి ఒక ట్రాక్టరు వచ్చింది, ఖాళీ ట్రాలీతోని. నాకు ప్రాణం లేచొచ్చింది. "అన్నా, బండ్లు జర ఎక్కిచ్చుకుంటవా?" అన్న.

ట్రాక్టరాయన ఎక్కిచ్చుకునేటోడే. గని ఆ డప్పులోళ్లు ఊకుంటరా? "ఏందక్కా, నిరసన నడుమ ట్రాక్టరెక్కుతవా? ఊరు దాంక నూకుడే!"

"నూకుడే! నూకుడే!" అని జనం ఎత్తుకున్నది.

సారు నా దిక్కు చూసిన చూపు నేను సచ్చేదాంక మరువ. చెమటలతోని అంగీ ఒంటికి అతుక్కున్నది. "శోభా," అన్నడు మెల్లగ, "నీకు నా బడిల టీసీ ఇచ్చినందుకు బాధపడుతున్న. ఇంకో ఏడు అదే క్లాసుల కూసోబెట్టాల్సింది."

లలితమ్మ మాత్రం కొంగు నడుముకు చెక్కి, డప్పుకు అడుగేసుకుంట నూకుతున్నది. మామకు ఎవరో మెడల పూలదండ వేసిండ్రు. అంతే, గుమాస్తా బాధ పోయింది, నాయకుడైండు. ఒంటి చేత్తోని బండి నూకి, ఇంకో చెయ్యి జనానికి ఊపుతున్నడు.

మానుకోట బజార్లకు వచ్చేవరకు మా ఎనుక ఊరేగింపు తోక ఏడున్నదో కనపడలే. దుకాణం అరుగు మీద బాపు నిలబడ్డడు. ఆయన చూస్తుంటే ఆయన బ్యాటరీ బండ్లను, ఆయన బిడ్డ, ఆయన బావమరిది, ఊరి హెడ్మాష్టరు నూకుకుంట పోతున్నరు. నేను తల ఎత్తలే.

తెల్లారి పేపర్ల మా ఫోటో పడ్డది. 'బ్యాటరీ బండ్లను నూకుతూ వినూత్న నిరసన.' బాపు అది చదివి, ముక్కు మీది అద్దాలు తీసి, మళ్ళ పెట్టుకొని, "ఊరందరికీ తెలిసేటట్టు అమ్మినవు బిడ్డా" అన్నడు. నాకు ఏడుపొచ్చింది. లోపటి అర్రలకు పోయి మిరపకాయల ముందర కూసున్న. ఘాటుకు ఏడుస్తున్ననుకుంటరని.

అంతల దంతాలపల్లి నుంచి పిలగాండ్లు వచ్చిండ్రు. "సేటూ, మీ నూకే బండ్లు కిరాయికిస్తరా? రేపు మా ఊర్ల నిరసన ఉన్నది."

బాపు తికమకపడ్డడు. "చార్జింగ్ లేదు నాయినా."

"వద్దే వద్దు! చార్జింగ్ ఉంటే ముంగటికి ఉరుకుతది. మాకు సచ్చిన బండే గావాలె."

బాపు నవ్విండు గని, "కిరాయి అమ్మకం గాదు" అన్నడు నా దిక్కు చూసి. దుకాణపోని మాట గదా, తూకం తప్పది.

మాపటీలి లలితమ్మ వచ్చింది. నేను బస్తాల ఎనుక దాసుకున్న. "శోభేది? బయటికి రమ్మనుండ్రి, బండి గావాలె. సారు నూకిన బండే గావాలె."

నేను బయటికొచ్చిన. "నిజంగనా అమ్మా? అది ఆగిపోతది గదా!"

"అందుకేనే బిడ్డా! పెండ్లైనకాడి నుంచి మీ సారును నడిపిచ్చింది ఆ బండి ఒక్కటే. నిన్న ఇంటికొచ్చి పప్పుకు మార్కులేయలే, తిని పండుకున్నడు. పొద్దుగాల డాక్టరు దగ్గర షుగరు సుత దిగింది" అన్నది.

బాపు నన్ను చూసిండు, బండిని చూసిండు. మెల్లగ గల్లా మీదికెళ్లి లేచి, తువ్వాలతోని ఆ జాగ తుడిచి, "కూసో" అన్నడు. అన్న నిద్రల నుంచి లేచి నోరు తెరిచిండు. నేను కూసున్న. ఆ సంతోషం ఎట్ల చెప్పాల్నో నాకు ఇప్పటికీ చాతకాదు.

బండి తీస్కపోతుంటే లలితమ్మ సంచిల నుంచి చార్జింగ్ వైరు తీసి నా చేతుల పెట్టింది. "ఇది మాకక్కర లేదు. సారుకు కనపడనియ్యకు" అన్నది.

ఆ వైరు ఇప్పటికీ నా గల్లపెట్టె కింద ఉన్నది. దాని మీద చెయ్యి వెట్టి, కురవి వీరభద్రుని సాక్షిగ ఆనాడే ఒట్టు వేసిన: ఈ జన్మల నిలబడ్డ బండి లైట్లు నమ్మ, ఎవ్వలకూ నగరం చూపియ్య, చరిత్ర చెప్ప, నోట్లకెళ్లి 'నిరసన' అన్న మాట రానియ్య. ఇగ ఎవరింట్లనన్న భర్త నడువకుంట పప్పుకు మార్కులేస్తుంటే, గది వేరే సంగతి. అసొంటోళ్లకు ఒక్క బండి ఇంకా మిగిలే ఉన్నది.