లోపల కనిపించే సంచులు

మినెకోది కొండల్లో ఊరు. పెళ్లయి మిజుగౌర రేవుకు వచ్చిన కొత్తలో ఆ చేపల వాసనకు ఆమెకు అన్నం సయించేది కాదు. ఆ తర్వాత ఎండుచేపల షెడ్డులోనే పనికి కుదిరి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయింది. ఎనభై దాటిన ఈ వయసులో తీరిక దొరికితే చాలు, ఆమె మనసు తమ వీధి పాత రోజుల్లోకే వెళ్లిపోతుంది.

అప్పట్లో ఇళ్లలో చెత్త పెద్దగా మిగిలేది కాదు. చేప తలలు పిల్లులకు, ముల్లంగి తొక్కలు పెరటి మడికి, విరిగిన చెక్కాముక్కా స్నానాల పొయ్యిలోకి పోయేవి. పాత పేపర్లు తీసుకుని మరుగుదొడ్డి కాగితం చుట్టలిచ్చే బండి మైకులో పిలుచుకుంటూ వచ్చేది. ఆ తర్వాత నల్ల సంచులొచ్చాయి. మూతి బిగించి వీధి మలుపులో పెట్టేస్తే అందులో ఏముందో ఎత్తుకుపోయే లారీకి కూడా తెలియదు.

ఆ నల్ల సంచులకు కాలం చెల్లే రోజు వచ్చింది. ప్రతి ఇల్లూ చెత్తను తప్పనిసరిగా వేరుచేయాలని ఊరి కార్యాలయం ఉత్తర్వు ఇచ్చింది. కాలేవి ఒకటి, కాలనివి ఒకటి, సీసాలూ డబ్బాలూ ఇంకొకటి. సంచి లోపలిదంతా బయటికి కనిపించాలి, పైన ఇంటివాళ్ల పేరు రాయాలి. వంతులవారీగా ఒక్కో ఇంటివాళ్లు పొద్దున్నే నిలబడి సంచులు చూడాలి, తప్పుంటే ఎర్ర చీటీ అంటించాలి.

ఆ విషయం చెప్పడానికి పెట్టిన సమావేశంలో అందరికంటే గట్టిగా నవ్వినవాడు మినెకో భర్త షిగెజి. ఊరి బస్సు నడిపేవాడు. శరదృతువు జాతరలో చొక్కా విప్పి పెద్ద నగారా వాయించేది ఆయనే.

"దాచుకోడానికి మా ఇంట్లో ఏముందండీ, చేప ముళ్లు తప్ప. కావాలంటే అవీ లెక్కపెట్టుకోండి" అన్నాడు.

వీధి చెత్తను మొదట చదవడం నేర్చింది ఎదురింటి కజుయో. భర్త పోయాక ముందుగదిలో ఆడవాళ్లకు జుట్టు కత్తిరించే దుకాణం పెట్టుకుని బతికేది. కత్తెరకు ఎంత పనో నోటికీ అంత పని. "చూశావా వదినా, పీతల డొప్పలు. వాళ్లింటికి అల్లుడొచ్చాడు" అనేది. "ఆ మాస్టారు మందు మానేశానన్నాడా, సీసాలు మాత్రం మానలేదు" అనేది. మినెకో నవ్వేది. ఎవరి సంచి గురించైనా నవ్వొచ్చేది, తన సంచి కానంత కాలం.

మరుసటి ఏడు షిగెజికి ప్రోస్టేట్ ఆపరేషన్ అయింది. ప్రాణానికి భయం లేదన్నారు గానీ మూత్రం మీద పట్టు పోయింది. పెద్దవాళ్లకు కట్టే డైపర్లు కొనుక్కోక తప్పలేదు. ఆయన నీళ్లు తాగడం తగ్గించేశాడు, నగారా సాధనకు వెళ్లడం మానేశాడు. ఒకరోజు గోడవైపు తిరిగి కూర్చుని, "నా బతుకు తీసుకెళ్లి వీధిలో పెట్టకు" అన్నాడు. అన్నేళ్ల కాపురంలో భర్త బతిమాలగా ఆమె వినడం అదే మొదలు.

మినెకో ఒక్కొక్కటీ న్యూస్ పేపర్లో చుట్టి సంచి అడుగున పెట్టింది. పేపరు చుట్టలున్న సంచి వెంటనే కంట్లో పడింది. ఆ వారం వంతు కజుయోది. మినెకో కిటికీ తెర వెనక నిలబడి చూస్తుండగానే కజుయో చేతి తొడుగులు వేసుకుని కూర్చుంది, సంచి విప్పింది, ఒక చుట్ట తెరిచింది. మళ్లీ చుట్టి, మూతి కట్టి, మినెకో ఇంటి వెనక గుమ్మం దగ్గర పెట్టి పిలవకుండానే వెళ్లిపోయింది.

'అయిపోయింది, సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది' అనుకుంది మినెకో.

ఇక వీధిలో పెట్టే ధైర్యం చాలలేదు. ఆ సంచిని మంచి గుడ్డలో మూటకట్టుకుని బస్సెక్కి కొండల్లో అక్క ఇంటికి వెళ్లింది. అక్కడి అలవాటులో అలా గుడ్డలో కట్టి తెచ్చేది కానుకే కదా. అక్క రెండు చేతులా అందుకుంది. "ఎందుకే ఈ మర్యాదలు? ఎండుచేపలా?" అని ముడి విప్పబోయింది.

"విప్పకక్కా" అంటూ మినెకో ఏడ్చేసింది. సంగతి విన్నాక అక్క నవ్వాపుకోలేకపోయింది, తర్వాత తనూ ఏడ్చింది. పొలం వెనక పీపాలో పడేసి కాలుస్తూ, "వారంవారం ఇలా మోసుకొస్తావుటే?" అంది.

తిరిగొచ్చేసరికి కజుయో వెనక గుమ్మంలో కూర్చుని ఉంది.

"ఎక్కడికి వెళ్లావు వదినా?"

"అక్క దగ్గరికి."

"ఆ మూట మోసుకునేనా? పిచ్చిదానా. రేపట్నుంచి నా వెనక గుమ్మంలో పెట్టు. నా సంచిలో వేసి నా పేరు రాస్తాను. పేపర్లో చుట్టనక్కర్లేదు."

"చూసినవాళ్లు నువ్వే అనుకుంటారు కదా."

"అనుకోనీ. మొగుడు లేనిదాన్ని, నోరున్నదాన్ని. ఈ వీధి నా గురించి ఇంకా అనుకోనిది ఏం మిగిలింది?"

అనుకున్నారు కూడా. "పాపం, కజుయోకి అప్పుడే ఆ అవస్థా" అని దుకాణంలోనే గుసగుసలాడారు. "తుమ్మితే చాలమ్మా, నా పనైపోతుంది" అని ఆమే నవ్వేసి, వాళ్ల జుట్టు కత్తిరిస్తూ పోయింది. ఊరందరి కబుర్లూ మోసిన ఆ నోరు ఈ ఒక్క కబురు మాత్రం మోయలేదు.

షిగెజికి మినెకో ఏమీ చెప్పలేదు, ఆయనే కనిపెట్టాడు. ఒక పొద్దున కజుయో దుకాణం ముందుకెళ్లి టోపీ తీసి, నడుం వంచి చాలాసేపు అలాగే ఉండిపోయాడు.

"ఏంటన్నయ్యా, మగవాళ్లకి ఇక్కడ కత్తిరించరు" అంది కజుయో. "జాతర దగ్గరపడుతోంది. ఆ కుర్రాళ్లు నగారా వాయిస్తుంటే రేకుల మీద రాళ్లు పడ్డట్టుంది. వెళ్లి కాస్త నేర్పు."

ఆ ఏడు షిగెజి చొక్కా విప్పలేదు. మందపాటి పొడుగు కోటు వేసుకుని వాయించాడు. చలికని చెప్పుకున్నాడు. ఆ నగారా చప్పుడు రేవు దాకా వినిపించింది.

ఇలాంటి కథలు ఇంకెన్ని ఇళ్లలో నడిచాయో, కొన్నాళ్లకు ఊరి కార్యాలయం పేర్లు తీసేసి ఇంటికో అంకె ఇచ్చింది. డైపర్లకు వేరే తెల్ల సంచి వచ్చింది, లోపలిది బయటికి కనిపించదు. ఆ తర్వాత కొన్నేళ్లకు షిగెజి పోయాడు. మొన్నటి చలికాలం కజుయో కూడా వెళ్లిపోయింది.

ఇప్పుడు మినెకో చెత్త గుప్పెడే. మలుపులో అన్నీ అంకెలే, ఏది ఎవరిదో తెలియదు, ఎవరూ అడగరు. అది మంచిదేనని ఆమెకు తెలుసు. అయినా సంచి పెట్టి వెంటనే తిరిగి రాబుద్ధి కాదు. చలిలో చేతులు రుద్దుకుంటూ, వంతు తనదే అన్నట్టు లారీ వచ్చేదాకా అక్కడే నిలబడుతుంది.