పెళ్ళిరోజున వాడి గొంతు

మద్రాసు రేడియో నాటకాల్లో నాకెప్పుడూ ముసలివాళ్ల పాత్రలే. ముఖం కనబడదు గనక నలభై నిండకుండానే తాతలకూ ముత్తాతలకూ గొంతిచ్చాను. ఈ విద్య చిన్నప్పుడే అబ్బింది, మా వీధిలోని స్నేహితుణ్ణి వెక్కిరించబోయి. వాళ్లు నేతవాళ్లు. వాడిది కంచుకంఠం. పెద్దయి బెజవాడలో బట్టల కొట్టు పెట్టాక, గుమ్మంలో నిలబడి "రండమ్మా, కొనకపోయినా చూసి పోండి" అన్నాడంటే వీధి చివర వెళ్లే జట్కా కూడా ఆగేది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది వాడి గొంతులో పుండు లేచింది. మద్రాసులో ఆపరేషన్ చేయించాం. ప్రాణం దక్కింది, మాట పోయింది. దక్కిన ప్రాణమైనా ఎన్నాళ్లో చెప్పలేనన్నాడు డాక్టరు. కొట్టు తమ్ముడికి అప్పగించి, వాడు భార్యతో ఆవిడ పుట్టినూరు ఉయ్యూరు చేరాడు. ఏం చెప్పాలన్నా పలక మీద రాసేవాడు.

మరుసటేడు ఆవిడ ఉత్తరం రాసింది. "అన్నయ్యగారూ, మాఘమాసానికి మా పెళ్ళయి పాతికేళ్లు. నలుగుర్నీ భోజనానికి పిలుస్తున్నాను. మీరొచ్చి నాలుగు మాటలు చెప్పాలి. ఏడిపించేవి వద్దు. ఆయన నవ్వి చాలా రోజులైంది."

పెళ్ళిరోజు చేసుకోవడం అప్పట్లో మా వైపు ఎవరూ ఎరగరు. వచ్చినవాళ్లు భోజనాలయ్యాక, ఇప్పుడేం చెయ్యాలో తెలియనట్టు వసారాలో సర్దుకుని కూర్చున్నారు. నేను లేచి వాడి పెళ్ళి కథ ఎత్తుకున్నాను. మగపెళ్ళివారి పడవ కాలువలో ఇసుక మేట ఎక్కడం, పెళ్ళికొడుకే దిగి నెట్టడం, మోకాళ్ల దాకా బురదతో విడిదికి రావడం చెప్పాను. పీటల మీద తెర తీయగానే ఎవరైనా పెళ్ళికూతురి ముఖం చూస్తారు. వీడు చీర అంచు వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఈ నేత మనది కాదే! ఎవరండీ మీకు అంటగట్టింది?"

ఆ మాట వాడి గొంతుతోనే అన్నాను. అలవాటు కొద్దీ వచ్చేసింది. అందరూ పగలబడి నవ్వారు. తమలపాకుల పళ్ళెంతో లోపల్నుంచి వస్తున్న ఆవిడ మాత్రం చటుక్కున ఆగి, నా వైపు కాదు, వాడి వైపు చూసింది. వాడి పెదాలు మూసే ఉన్నాయి. అది చూసి ఆవిడ ముఖం మారింది. నేను కథ అక్కడే ఆపేశాను.

వాడు పలక మీద గబగబా రాసి ఎత్తి చూపించాడు. "ఆపకు. చాలా రోజులకి విన్నాను."

మళ్ళీ అందుకున్నాను. వాడు చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరేలా నవ్వాడు. కళ్ళ నీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు.

ఆ వానాకాలంలోనే పోయాడు. పదకొండో రోజున నేను బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మం లోపల నిలబడి, తల వంచుకునే అడిగింది.

"అన్నయ్యగారూ, ఆయన నన్ను 'ఏమోయ్' అని పిలిచేవారు. ఒక్కసారి అలా పిలుస్తారా?"

నోరు తెరిచాను. ఎన్ని గొంతులు పలికిన నోరు! నన్ను అన్నయ్యా అనే మనిషిని ఆ పిలుపుతో ఎలా పిలవను? చచ్చిపోయినవాడి గొంతు ఆ ఇంట్లో ఎలా లేపను?

"పోనీలెండి, అడగకూడనిది అడిగాను," అంది ఆవిడ. "బస్సుకి ఇంకా వేళుంది. మజ్జిగ తాగి వెళ్ళండి."

ఆవిడ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది. ఎన్నోసార్లు వెళ్లి చూసి వచ్చాను. ఆవిడ మళ్ళీ అడగలేదు. పిలవాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.