టేపు మొదటి నిమిషం

నా చిన్నప్పుడు, ఏడో తరగతి చదివే రోజుల్లో, మా తాతతో కలిసి చాలా పెళ్ళిళ్ళకు వెళ్ళాను. తాత సన్నాయి వాయించడానికి వెళ్ళేవాడు, నేను భోజనానికి. శ్రీకాకుళంలో మా వీధి చివరి గుడిలో రెండు పూటలా ఆయన సన్నాయే వినిపించేది. ముహూర్తాలు మొదలైతే చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కబుర్లు వచ్చేవి. మా నాన్న ఆ విద్య జోలికి పోలేదు. నాకైనా నేర్పాలని తాత రెండు వేసవులు కూర్చోబెట్టి చూసి, వదిలేశాడు. నా కళ్ళెప్పుడూ పందిట్లో నిలబెట్టిన వీడియో కెమెరా మీదే ఉండేవి.

ఆ కెమెరా తెచ్చే ఆయనను నేను మావయ్యా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఆయనది సాలూరు. సొంత స్టూడియో లేదు, ఏ స్టూడియోలోనూ జీతానికి లేడు. విజయనగరం నుంచి ఒకరు, శ్రీకాకుళం నుంచి ఒకరు ఫోన్ చేసి పిలిస్తే, తెలిసినవాళ్ళ లారీ ఎక్కి, కెమెరా సంచి ఒళ్ళో పెట్టుకుని వచ్చేవాడు. పెళ్ళివారికి చేరే డీవీడీ మీద స్టూడియో పేరుండేది. ఆయన పేరు ఎక్కడా ఉండేది కాదు. ఆషాఢం వచ్చిందంటే ఆయన ఫోను మోగేదే కాదు. ఇవన్నీ నాకు అప్పట్లో కష్టాలుగా కనిపించలేదు. రోజుకో ఊరు, రోజుకో విందు, చేతిలో కెమెరా. ఇంతకంటే మంచి బతుకు ఉండదనుకున్నాను.

నేను చెప్పబోయే రోజు సముద్రం ఒడ్డున, చేపలవేట చేసుకునే వాళ్ళింట్లో పెళ్ళి. పొద్దున్న ఎనిమిదైంది. పెళ్ళికూతురు ఇంకా పందిట్లోకి రాలేదు. మావయ్య కెమెరాలో కొత్త టేపు పెట్టాడు. రంగులు సరిచూసుకోవడానికి ఆయనకు ఏదైనా తెల్లటిది కావాలి. డోలు వాయించే ఆయనను, భుజం మీది కండువా తీసి పట్టుకోమన్నాడు. "సెమట మరక లేని వైపు పట్టు మావా, లేపోతే పెళ్ళికూతురు రంగు మారిపోద్ది" అని ఆయనను ఆటపట్టించాడు. ఆ తరువాత కెమెరాను మా తాత వైపు తిప్పి మీట నొక్కాడు. తాతకు ఇంకా ఎవరూ వాయించమని చెప్పలేదు. సన్నాయి పీకను నోట్లో తడుపుకుని, తనకోసమే అన్నట్టు మెల్లగా ఒక రాగం ఎత్తుకున్నాడు.

పెళ్ళి వీడియోలు ఎలా తయారవుతాయో నాకు అప్పటికే తెలుసు. మేళం చప్పుడు తీసేసి సినిమా పాటలు వేస్తారు. మా తాత ఉంటే గింటే రెండు క్షణాలు కనిపిస్తాడు. అంతా తెలుసన్న ధీమాతో, ఇదంతా ఎలాగూ కోసేస్తారు కదా అని మావయ్యను అడిగాను. ఆయన పెదాల మీద వేలు పెట్టి నన్ను ఊరుకోమన్నాడు. నిమిషం అయ్యాక కెమెరా ఆపి, అప్పుడు చెప్పాడు. టేపు మొదలు ఎక్కువ లాగుడు పడి నలుగుతుందట. అక్కడ బొమ్మ చెడిపోవచ్చు. అందుకని మొదటి నిమిషంలో ఎవరూ ముఖ్యమైనది తీయరు, ఉత్తినే తిప్పి వదిలేస్తారు. తాను మాత్రం ఆ నిమిషాన్ని ఉత్తినే పోనివ్వడు. వంటవాళ్ళనో, డోలు ఆయననో, జనరేటర్ పక్కన కూర్చున్న మనిషినో తీస్తాడు. టేపులు తనవే, స్టూడియో వాళ్ళ పని అయ్యాక తిరిగి తన దగ్గరికే వస్తాయి. ఒకసారి తీసినదాని మీద మళ్ళీ తీయడు.

"పెళ్ళి పెళ్ళోరిదిరా. ఈ నిమిషం నాది. దీనికి ఎవుడికీ జవాబు సెప్పక్కర్లేదు" అన్నాడు.

ఇంటికి వచ్చి నోటుపుస్తకం తీశాను. అందులో అప్పటికే కెమెరా గురించి పదకొండు అంశాలున్నాయి. పన్నెండోది ఇలా రాశాను: టేపు మొదటి నిమిషం చెడిపోవచ్చు, ముఖ్యమైనది తీయకూడదు. అంతే. మిగతాది రాసుకోవలసిన విషయమని నాకు తోచలేదు.

నా పాలిటెక్నిక్ డిప్లొమా పూర్తయ్యేసరికి టేపుల కాలం పోయింది. ఉద్యోగానికి వెళ్ళకుండా ఒక కెమెరా సంపాదించుకుని నేనూ మావయ్య బాటే పట్టాను. పిలిచిన స్టూడియోకల్లా వెళ్ళేవాణ్ణి. పెళ్ళిళ్ళు లేని నెలల్లో కాలేజీ వార్షికోత్సవాలు, స్నేహితుల చిన్న సినిమాలు. బయలుదేరే ముందు జాబితా చూసి సంచి సర్దుకునేవాణ్ణి: బ్యాటరీలు నాలుగు, మెమరీ కార్డులు మూడు, లెన్సులు రెండు, తుడిచే గుడ్డ, బిస్కెట్ల పొట్లం. తీయవలసిన షాట్లకు ఇంకో జాబితా. కార్డులో టేపు ఉండదు, నలగడానికి ఏమీ లేదు. కాబట్టి పాత నోటుపుస్తకంలో పన్నెండో అంశాన్ని స్కేలు పెట్టి కొట్టేశాను. అలా కొట్టేస్తూ కాస్త గర్వపడ్డానని కూడా గుర్తుంది.

ఆ పనిలో దిగిన రెండేళ్ళకు, విజయనగరంలో ఒకే పెళ్ళికి తాతకూ నాకూ పిలుపు వచ్చింది. బస్సులో పక్కపక్కనే కూర్చుని వెళ్ళాం. దారిలో ఆయన కిటికీ వైపు చూస్తూనే అడిగాడు.

"ఒరే, నాను వాయించింది అందులో వస్తాదేటి?"

ఎందుకు తాతా అన్నాను. యాభై ఏళ్ళుగా వాయిస్తున్నా, తన సన్నాయి ఎదుట కూర్చున్నవాళ్ళకు ఎలా వినిపిస్తుందో తనకు తెలియదన్నాడు. వాయించేవాడికి తన ఊపిరి చప్పుడే ఎక్కువగా వినిపిస్తుందట. ఒక్కసారి అవతల కూర్చుని వినాలని ఉందన్నాడు. చూద్దాంలే తాతా అన్నాను.

ఆ రోజు నా జాబితాలో నలభై రెండు షాట్లు. ముప్పై ఏడోది మేళం. తాత వేళ్ళను దగ్గరగా నాలుగు సెకన్లు తీసి, టిక్కు పెట్టి, ముప్పై ఎనిమిదోదానికి వెళ్ళిపోయాను. మర్నాడు కొత్తవలసలో ఇంకో పని ఉంది. కావలసినవి కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని కార్డులు ఖాళీ చేశాను. పెళ్ళివారు కోరిన సినిమా పాటలు వేసి వీడియో పూర్తి చేశాను. ఇంట్లో టీవీలో పెడితే తాత మొదటి నుంచి చివరిదాకా కదలకుండా చూశాడు. తన వేళ్ళు కనిపించినప్పుడు మాత్రం కాస్త ముందుకు వంగాడు. ఆ వేళ్ళు కదులుతుంటే వినిపించింది సినిమా పాట. అయిపోయాక "బొమ్మ బాగున్నాదిరా" అన్నాడు.

ఆ వారం పనుల జాబితాలో 'తాత సన్నాయి రికార్డు చేయాలి' అని రాసుకున్నాను. తరువాత దాన్ని పై వారానికి మార్చాను. ఆ పై వారం మళ్ళీ మార్చాను. కెమెరా, మైకు, సన్నాయి, తాత, నాలుగూ ఒకే కప్పు కింద ఉన్నాయి. కావలసింది ఒక్క మధ్యాహ్నం. చలికాలంలో ఆయనకు ఆయాసం పట్టుకుంది. సన్నాయిని గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టేశాడు. మళ్ళీ వానలు మొదలవకముందే పోయాడు. ఆ వారం జాబితాలో కూడా ఆ పని ఉంది.

కర్మకాండ అయ్యాక, ఆ సముద్రం ఒడ్డు పెళ్ళి టేపు కోసం సాలూరు వెళ్ళాను. మావయ్య పెళ్ళిళ్ళు తీయడం మానేశాడు. పాత కెమెరాను మాత్రం టేపులు చూసుకోవడానికి ఉంచుకున్నాడు. అటక మీది అట్టపెట్టెలు దించి, నేల మీద కూర్చుని వెతికాం. ప్రతి టేపు మీదా ఆయన చేతిరాత ఉంది. జనరేటర్ మనిషి. ఆకులు కడిగే ముసలమ్మ. పూలమాలల అబ్బాయి. పెళ్ళివారి పేరు ఒక్క టేపు మీదా లేదు. వెతుకుతూనే, పన్నెండో అంశాన్ని కొట్టేసిన సంగతి చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు.

"నలగడమేటిరా బాబూ. అది స్టూడియోవోళ్ళు అడిగితే సెప్పడానికి పెట్టుకున్న సాకు" అన్నాడు.

మూడో పెట్టెలో దొరికింది: సన్నాయి తాత. కెమెరాలో పెట్టి నడిపితే మొదట బొమ్మ ముక్కలు ముక్కలైంది, తరువాత నిలిచింది. తాత తలెత్తి, కళ్ళు సగం మూసుకుని, ఎవరూ అడగని ఆ రాగం వాయిస్తున్నాడు. నేను మొదటిసారి ఆయన సన్నాయిని కదలకుండా కూర్చుని విన్నాను. రాగం పైకి లేచే చోట, దగ్గర్నుంచి ఒక పిల్లవాడి గొంతు వినిపించింది.

"మావయ్యా, ఇదెలాగూ కోసేస్తారు గదా. వేస్టు గదేటి?"

తాత కళ్ళు తెరిచి ఆ గొంతు వైపు ఒకసారి చూశాడు. వాయించడం ఆపలేదు.

ఇంటికి తెచ్చుకుని నా గొంతును తీసేయాలని చాలా ప్రయత్నించాను. నేర్చుకున్న పద్ధతులన్నీ వాడాను. నా మాటలు తీస్తే వాటి కిందున్న స్వరాలూ పోతున్నాయి. చివరికి ఉన్నది ఉన్నట్టే వదిలేశాను. యాభై ఏళ్ళు వాయించిన మనిషిది మా దగ్గర మిగిలింది ఆ ఒక్క నిమిషం. దాన్ని తీసినవాడు బయటివాడు.

ఇప్పుడు ఏ పనికి వెళ్ళినా, జాబితా తెరవకముందే ఒక నిమిషం తీస్తాను. మేళం వాళ్ళనో, వంటవాళ్ళనో, ఎవరూ చూడని మరొకరినో. ఆ నిమిషమంతా నేను నోరు విప్పను.