మూడో కథ ఆఖరి ముక్క

నా భార్య పోయి నేటికి పదహారు రోజులు. జ్వరమని పడుకుంది, నాలుగో రోజు లేవలేదు. పలకరిస్తూ చాలామంది ఉత్తరాలు రాశారు. ఆమె ఒక సినిమాలో నటించిందని ఎవరూ రాయలేదు. వాళ్ళకు తెలియదు. తెలియకపోవడానికి కారణం నేను.

చిత్తూరు కాలేజీలో కలిసి చదివిన ముగ్గురం తలా ఒక కథ తీసి, కలిపి ఒక సినిమా చేశాం. పాటల్లేవు, మాటలు తక్కువ. గొప్ప ప్రయోగమనుకున్నాం. మూడో కథ నాది: గుడికి మాల కట్టే స్త్రీ. నటి దొరక్క ఆమెను అడిగాను. తిరుపతిలో ఆమె పుట్టింటివారిది తరతరాలుగా అదే సేవ. తెల్లవారకముందే అరటినార తడుపుకొని కూర్చునే అలవాటు ఆమెకు అక్కడిదే. నేను ఏ పనికైనా తటపటాయిస్తే, "నార ఆరిపోతాండాది, ముడెయ్యండి" అనేది.

"సినిమాలో మొగం చూపించిన ఆడది నా గడప తొక్కేది లేదు" అనేవారు మామగారు. అందుకే చేతులు మాత్రమే తీస్తానన్నాను, ఒప్పుకుంది. తీస్తుండగా ఒక్క క్షణం తల ఎత్తింది. పొరబాటనుకున్నాను. అయినా బాగుందని, ఆమెకు చెప్పకుండా ఆ ముక్క చివర్లో ఉంచాను.

తిరుపతిలో ఒక హాలువారు ఉదయం ఆట ఇచ్చారు. లోపలికి వెళ్తే ఆమె పక్కన మామగారు!

మొదటి కథకు జనం దగ్గారు. రెండో కథకు సగం మంది లేచిపోయారు. మూడోది మొదలైంది. తెర మీద రెండు చేతులు, పూలు, నార. ఎంతకీ అంతే. వెనక వరసలోంచి ఎవడో అరిచాడు.

"ఒరే అప్పా, ఈ మాల ముగిసేలోపల పెండ్లికొడుకు ముసిలోడైపోతాడు!"

హాలంతా నవ్వింది. మామగారు నవ్వలేదు. కూతురి వైపు వంగారు.

"ఈ ముడి మనింటిది గదమ్మా."

"అవును నాయనా."

ఆమె ముఖం రావడానికి రెండు నిమిషాలుంది. మెట్లెక్కి ఆపరేటరు గదిలోకి పరిగెత్తాను.

"ఆపెయ్యన్నా!"

"బతికించినావు సార్. కుర్చీలు ఇరగ్గొట్టేటట్టుండారు."

దీపాలు వెలిగాయి. జనం చప్పట్లు కొట్టారు. మా సినిమాకు దక్కిన చప్పట్లు అవే.

ఇంటికి వచ్చాక అడిగింది. "ఏల ఆపించినారు?"

"చివర్లో నీ ముఖం ఉంది. మీ నాయన చూస్తే..."

"నాయనను పిలిచింది నేనే."

మర్నాటి మాలకు నార తడుపుతూ అంది.

"తల పొరబాటున ఎత్తలేదు. ఆ ముక్క మీరు తీసెయ్యరని తెలుసు."

మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. మామగారు కూతురికి తలుపు మూయలేదు. చనిపోయే ముందు మాత్రం నన్నడిగారు, "ఆ పొద్దు ఆ మాల ముగిసిందా అల్లుడా?"

ముగిసిందన్నాను.

నిన్న అటక మీది పెట్టె దించి, ఆ ఫిల్ము ముక్కను కిటికీ వెలుతురుకు పట్టాను. గోరంత ముఖం. ఒక బొమ్మలో కళ్ళు పూల మీదే ఉన్నాయి. కొంచెం కిందికి జరిపితే రెప్పలు లేచాయి. ఇంకొంచెం జరిపాను. చూస్తోంది.