ఎసట్లో పడకముందు తీసిన పిడికెడు

మా బైబిలమ్మ గారు పోయారని ఊళ్లో మొదట తెలిసింది నాకే. పొద్దున్నే పాలు ఇవ్వడానికి వెళ్తే కుర్చీలో కూర్చునే ఉన్నారు, ఒళ్లో కళ్లజోడు. పిలిచాను. పలకలేదు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. పాస్టరు గారికి ఫోన్ చేశాను. "పొద్దున్నే మొదలెట్టావా?" అని పెట్టేశారు. సంఘ పెద్దకి చేశాను. "చావు కబురుతో కూడా వేళాకోళమేంట్రా, కళ్లు పోతాయి" అన్నాడు. ముగ్గురికి చేస్తే ముగ్గురూ నమ్మలేదు. వాళ్ల తప్పేం లేదు. ఇన్నేళ్లుగా నేను కష్టపడి సంపాదించుకున్న పేరది.

నమ్మినవాడు ఒక్కడే. టీ కొట్టు దగ్గర నలుగురూ ఈ సంగతి చెప్పుకుని నవ్వుతుంటే, "ఆమె విషయంలో వాడు అబద్ధమాడడు" అని గ్లాసు అక్కడ పెట్టేసి, కుంటుకుంటూ అందరికంటే ముందు వచ్చినవాడు మా అన్నయ్య. వచ్చి ఆమె కాళ్ల దగ్గర నిలబడ్డాడు. నాతో ఏం మాట్లాడలేదు. మా ఇద్దరికీ మాటల్లేక అప్పటికి ఆరేళ్లు. వాడు కుంటడానికి కారణం నేనే. ఆ సంగతికి వస్తాను.

బైబిలమ్మ అంటే తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఆదివారం ప్రసంగం చేసేది పాస్టరు గారు. మిగతా రోజులు ఇంటింటికీ తిరిగి వాక్యం చదివి, జ్వరమొచ్చినవాళ్ల మంచం పక్కన కూర్చుని ప్రార్థన చేసేది ఈమె. కనిగిరి వైపు మెట్ట ఊరి నుంచి వయసులో ఉండగా వచ్చి, చర్చి పక్క గదిలో ఉండిపోయారు. నా అన్నవాళ్లు లేరు. లేరని మేమనుకునేవాళ్లం, ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

శనివారం వస్తే పాత చర్చి పరదాతో కుట్టిన సంచి భుజాన వేసుకుని పిడికెడు బియ్యానికి బయల్దేరేవారు. మా ఇళ్లలో ఆడవాళ్లు అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు బియ్యం దేవుడి పేరున తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారమంతా పోగైన ఆ బియ్యం ఈ సంచిలో పోస్తే, ఆదివారం ఆరాధన కాగానే దిక్కులేని ముసలివాళ్లకు చేరేది. "మిగిలిన అన్నం పెడితే సరిపోదా, ఈ తతంగమంతా ఎందుకండీ?" అన్నాను ఒకసారి.

"మిగిలింది కుక్కకైనా పెడతాంరా. ఎసట్లో పడకముందు తీసిందే కృతజ్ఞత" అన్నారు.

ఏడో తరగతి దాటనివాణ్ణి, నాకు అంత పెద్ద మాట ఎక్కలేదు. ఎక్కింది వేరే. ఆ వారం మా ఆవిడ చూడకుండా బియ్యం డబ్బాలో గుప్పెడు మిరప గింజలు కలిపేశాను. ఆమె గది ముందు అరుగు మీద కూర్చుని చేటలో పోసుకుని ఒక్కొక్క గింజా ఏరుతుంటే, గోడ చాటు నుంచి చూసి కడుపుబ్బ నవ్వుకున్నాను. తిడతారని ఎదురుచూశాను. తిట్టలేదు. అది నాకు కొంచెం చప్పగా అనిపించింది కూడా.

తర్వాత కోత పండగ వచ్చింది. ఎవరి చేలో పండింది వాళ్లు తెచ్చి చర్చిలో బల్ల ముందు పెడతారు. పత్తి, వడ్లు, గుమ్మడికాయలు, ఒక కోడిపుంజు కూడా. నేను అలవాటు ప్రకారం గుమ్మం బయటే, చెప్పుల దగ్గర. బైబిలమ్మ గారు చేట నిండా ఎర్రటి మిరపకాయలు తెచ్చి అక్కడ పెట్టి, అందరి ముందూ నా పేరు చెప్పారు. "ఇవి వాడి ప్రథమ ఫలాలు. విత్తనాలు బియ్యంలో పెట్టి మరీ పంపించాడు. నేను చర్చి గోడ పక్కన నాటి నీళ్లు పోశానంతే."

చర్చి చర్చంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అన్నయ్య. కండువాతో కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె నన్ను లోపలికి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి కూర్చోబెట్టి, చెవిలో చెప్పారు: "నువ్వు వేళాకోళానికి ఇచ్చావు. ఆయన నిజంగానే తీసుకున్నాడు."

అప్పుడైనా బుద్ధి రావాల్సింది. మరుసటి ఏడు అందరి మిరపకాయా కళ్లాల్లో ఎండుతున్న రోజులు. ఆదివారం, పాస్టరు గారి ప్రార్థన ఎంతకీ తెమలడం లేదు. అందరూ కళ్లు మూసుకుని ఉన్నారు. నేను కిటికీలో తల పెట్టి, "కళ్లాల మీద వానరోయ్!" అని అరిచాను. ఆమెన్ అనకుండానే సగం సంఘం లేచింది. పట్టాలు కప్పడానికి అందరికంటే ముందు పరిగెత్తింది అన్నయ్య. మెట్ల మీద జారాడు. అందరం నవ్వాం. వాడు లేవలేదు.

కాలికి రాడ్లు వేశారు. ఆసుపత్రికి వెళ్లి నేనన్న మాట, "నేను పరిగెత్తమన్నానా?" వాడు గోడవైపు తిరిగి పడుకున్నాడు. అంతే, మాటలు పోయాయి. బైబిలమ్మ గారు మాత్రం ఒకటే అన్నారు: "మా కనిగిరి వైపు వానే కరువురా, దాని పేరుతో ఎవరూ వేళాకోళమాడరు."

ఆరేళ్లపాటు ఆమె మా రెండిళ్ల బియ్యం ఒకదాని వెంట ఒకటి పోయించుకునేవారు. సంచి నా ముందు ఊపి, "ఇందులో మీ అన్న బియ్యమేవో, నీవేవో ఏరిపెట్టు చూద్దాం. నేను గింజలు ఏరలేదా?" అనేవారు.

మొన్నటి పంటకు నల్లతామర పురుగు పడి నా మిరప చేను ముడుచుకుపోయింది. ఆమెను గట్టు మీదికి తీసుకెళ్లి, "దీనికేమని స్తోత్రం చెప్పమంటారు?" అని అరిచాను.

"పురుగుకు చెప్పమన్నానా? పొద్దున్నే ఇంత దూరం నడిచొచ్చి చూసుకునే కాళ్లున్నాయి. వాటికి చెప్పు."

కాళ్లు అనగానే అన్నయ్య కాలు గుర్తొచ్చింది. ఆమె నా మొహంలోకి చూసి, "క్షమించమనడానికి చదువక్కర్లేదురా. నోరు చాలు. నీకది పుష్కలంగా ఇచ్చాడు" అన్నారు.

"శనివారం వెళ్తా" అన్నాను. ఆ శనివారం వెళ్లలేదు. ఆ తర్వాతి శనివారాలూ వెళ్లలేదు. ఆమె అడిగినప్పుడల్లా ఏదో ఒక జోకేసి తప్పించుకున్నాను. ఇక అడిగేవాళ్లు లేరు.

సమాధి కార్యక్రమం అయ్యాక పాస్టరు గారు సంచి చూపించి, "ఇదెవరు మోస్తారు?" అన్నారు. నేను చెయ్యెత్తాను. "ఒరేయ్, ఇక్కడ కూడానా!" అని వెనకనుంచి ఎవరో. "బియ్యంలో ఏం కలుపుతావు?" అన్నారు పాస్టరు గారు. ఏమీ కలపనన్నాను. నా గొంతు విని ఆయన ఇంకేం అడక్కుండా సంచి ఇచ్చేశారు.

శనివారం మొదటి గుమ్మం అన్నయ్యదే. వదిన నన్ను చూసి డబ్బా పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వాడు మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. దారిలో బట్టీ పట్టినదంతా మర్చిపోయాను.

"అన్నయ్యా, ఆ రోజు వాన లేదు."

"తెలుసు. వెల్లకిలా పడ్డాక పైకే కదా చూసింది" అన్నాడు.

నవ్వు రాలేదు నాకు. "తప్పు నాది. నీ కాలు విరగ్గొట్టింది నేను. క్షమించు."

వాడు మెల్లగా లేచి, వదిన చేతిలో డబ్బా తీసుకుని, కుంటుకుంటూ లోపలికి వెళ్లాడు. చాలాసేపు రాలేదు. వచ్చి, తనే వంగి నా సంచిలో పోశాడు. "మిగతా ఇళ్లవాళ్లు ఎదురుచూస్తుంటారు, పో" అన్నాడు. ఆరేళ్ల తర్వాత నాకు చెప్పిన మొదటి పని అది.

మలుపు తిరిగాక భుజం దింపి సంచి తెరిచాను. తెల్లటి బియ్యం మీద, తొడిమతో సహా, ఎర్రగా ఒక్క మిరపకాయ.